చచ్చినవాడి సాక్సులు

సైన్యంలో హవల్దారుగా రిటైరైన పరుశురాం, యూనివర్సిటీ ఆడిటోరియం దగ్గర సెక్యూరిటీ గార్డుగా చేరి పదకొండేళ్లు. ఇల్లు మాణికేశ్వర్ నగర్‌లో. సరిహద్దు కొండల మీద ఏం జరిగిందో భార్య లింగమ్మకు కూడా ఏనాడూ చెప్పలేదు.

ఆ ఏడు నాటకం నేర్చుకునే పిల్లలు యుద్ధకాలపు కందకాల్లో సైనికుల బతుకు మీద నాటకం తలపెట్టారు. రాసింది సింధూజ. రోజూ వచ్చి అడిగి అడిగి, ఒకనాటికి అతని నోరు విప్పించింది.

"మంచు వడి మూడు దినాలు దారి బందైంది బిడ్డా. కందకంల నేను, నా దోస్తు శవం. నా కాళ్లు నాని పుండ్లయినయి. వాని సాక్సులు గుంజి తొడుక్కున్న. పక్కనే కూసోని రొట్టె తిన్న."

సింధూజ దాన్ని నాటకంలో పెట్టింది.

ప్రదర్శన నాడు పరుశురాంను ముందు వరుసలో కూర్చోబెట్టారు. వేదిక మీది సైనికుల యూనిఫారాల ఇస్త్రీ మడత నలగలేదు. ఆ ఘట్టం రానే వచ్చింది. ప్రవీణ్ అనే కుర్రాడు శవం కాలి సాక్సు లాగి, ముక్కు మూసుకుని మొహం వికారంగా పెట్టాడు. హాలు గొల్లుమంది. ఆ నవ్వుకు ఊపొచ్చి మరోసారి వాసన చూశాడు. ఎవరో ఈల వేశారు.

పరుశురాం బయటికి వచ్చి గోడవారన కక్కుకున్నాడు. నవ్విన వాళ్ల కన్నా, చెప్పుకున్న తన మీదే తనకు రోత పుట్టింది. శాలువా కప్పుతామని పిలుస్తున్నా ఆగకుండా తార్నాక వైపు నడిచిపోయాడు.

మర్నాడు సింధూజ గేటు దగ్గరికి వచ్చింది.

"రిహార్సల్‌ల అట్ల లేదు అంకుల్. స్టేజెక్కినాక చేసిండు. ఆ సీన్ తీసేస్తా."

అతను గేటు గొళ్లెం వేసి ఆమె వైపు తిరిగాడు.

"సీన్ ఉంచు. ముక్కు మూసుకునుడు తీసెయ్. గాడ నాకు వాసన తెల్వనే లేదు బిడ్డా. అసలు రోత గదే."

రెండో ప్రదర్శనకు అతను తలుపు దగ్గర డ్యూటీలో ఉన్నాడు. ప్రవీణ్ సాక్సులు తొడుక్కుని, శవానికి ఆనుకుని, మామూలుగా రొట్టె తుంచాడు. ఎవరూ నవ్వలేదు. మధ్య వరుస నుంచి ఒక జంట లేచి వచ్చింది.

"ఛీ, ఇదేం నాటకం" అందామె.

నాటకం మొత్తానికి సరైన మాట ఆ 'ఛీ' ఒక్కటే అనిపించింది పరుశురాంకు. వాళ్లు పోయేదాకా తలుపు తీసి పట్టుకున్నాడు.