ర్యాంకు లెక్క, మార్కుల లెక్క

మా చిన్నప్పుడు యుద్ధాలన్నీ ఇత్తడి తవ్వలోనే జరిగేవి...

వేసవి సెలవులకి నేనూ తమ్ముడూ విజయనగరం నుంచి రాజాం వెళ్ళేవాళ్ళం. మావయ్యది ధాన్యం వ్యాపారం. వెనక వసారాలో ఖాళీ గోనెసంచులు పరుచుకుని కూర్చునేవాళ్ళం. మధ్యలో బియ్యం కొలిచే తవ్వ. అందులో ఇరవై చింతపిక్కలు. ఒక్కో పిక్కనీ గచ్చు మీద అరగదీసి, తెల్లబడిన వైపు సిరాతో అంకె వేసింది గౌరి వదిన.

వదిన మావయ్య కూతురు. నాకంటే పెద్దది. మావయ్య ఎప్పుడో విశాఖపట్నంలో పాత పుస్తకాల బండి మీద కొన్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఆమె దగ్గర ఉండేది. అట్ట ఊడిపోయింది. అది కథని ఆటగా ఆడే పుస్తకం. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. తమ్ముడు సైనికుడు, నేను మంత్రగత్తె. మనం చేస్తానన్న పని జరిగిందో లేదో అంకె తేలుస్తుంది. దానికి ఇరవై ముఖాల పాచిక కావాలని పుస్తకంలో ఉంది. మాకెక్కడిది... అందుకే తవ్వలో చెయ్యి పెట్టి, చూడకుండా ఒక పిక్క తీసేవాళ్ళం.

కథ నడిపే మనిషిని మేం దాసుగారు అనేవాళ్ళం. హరికథలు విన్న ఇంట్లో ఇంకేమంటాం? మా దాసుగారు ఎప్పుడూ వదినే.

"గుహలోకెల్లినావు. సీకటి. లోపల ఏదో బుసకొడతన్నాది. ఏటి సేత్తావే, సిందూ?"

బళ్ళో పేరు పిలిస్తే పలకడానికే భయపడే నేను, ఆ గోనెసంచి మీద కూర్చుని రాక్షసులతో బేరాలాడేదాన్ని.

మనకి దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె ఒకటి ఉండేది. డాలు లెక్క అనేవాళ్ళం. అది ఎంత తక్కువైతే అంత మంచిది. తమ్ముడికి ఎంతకీ ఎక్కేది కాదు.

"ఒరే, మీ కాన్వెంటులో ఒకటో ర్యాంకు గొప్పా, పదో ర్యాంకు గొప్పా?" అనేది వదిన.

"ఒకటి."

"మరదే. డాలుకీ ర్యాంకే."

వదిన చదివింది తెలుగు మీడియం. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ పుస్తకమంతా తానే నమిలి మాకు పెట్టింది.

తొమ్మిదో తరగతిలో మేఘన అనే అమ్మాయి వాళ్ళింటికి ఆటకి పిలిచింది. అదే ఆట! కొత్త పుస్తకం, రంగుల బొమ్మలు, గాజు గోళీల్లా మెరిసే పాచికలు. నా జీవితంలో మొదటిసారి, అందరికంటే నాకే బాగా తెలిసిన విషయం ఒకటి దొరికింది. ఎంత సంబరపడ్డానో...

డాలు లెక్క దగ్గర మేఘన, "నీకెంత రాయమంటావ్?" అంది. నేను అందరూ వినేలా, "మూడు" అన్నాను.

"మూడా? దోమ కుట్టినా పోతావు!"

కొత్త పుస్తకంలో లెక్క తిరగబడిందట. ఎక్కువైతేనే మంచిదట. ర్యాంకు పోయి మార్కులొచ్చాయన్నమాట. నాకు తెలీదు. "మా దాసుగారు అలా చెప్పలేదే..." అన్నాను.

"దాసుగారా? చిడతలు తెచ్చావా మరి?"

నవ్వులు. కంగారులో నా నోట్లోంచి "ఏటి?" అని వచ్చేసింది. ఆ తర్వాత సాయంత్రమంతా నా పేరు 'ఏటి'. నా మంత్రగత్తె మొదటి దెబ్బకే చచ్చిపోయింది. మిగతా ఆటంతా పాచికలు అందిస్తూ కూర్చున్నాను.

ఆ వేసవిలో రాజాం వెళ్ళినప్పుడు తలనొప్పి అని నేను ఆటకి కూర్చోలేదు. తమ్ముడు ఊరుకుంటాడా? నా దగ్గర విన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు. వదిన తవ్వ తీసుకెళ్ళి వంటింట్లో పెట్టేసింది.

మరుసటి ఏడు వదిన మళ్ళీ ఆటకి పిలిచింది. గోనెసంచుల మీద దుప్పటి పరిచి ఉంది. తవ్వ లేదు. ప్లాస్టిక్ పాచికలు, కొత్త పుస్తకానికి జిరాక్సు కాగితాలు... ఎవరిని బతిమాలి తెప్పించిందో. డాలు లెక్కలన్నీ తిప్పి రాసింది. దాసుగారు గేమ్ మాస్టర్ అయ్యారు.

గొంతు సవరించుకుని, రేడియోలో చదివినట్టు మొదలుపెట్టింది.

"నువ్వు గుహలోనికి ప్రవేశించావు. చీకటిగా ఉంది. ఏమిటి చేస్తావు, సింధూ?"

తమ్ముడు ఫక్కున నవ్వాడు. వదిన ముఖం ఎర్రబడింది. అయినా ఆపలేదు. ఎక్కడా 'సీకటి' అనకుండా, 'ఏటి' అనకుండా, ఒక్కో మాటా తూచి తూచి... ఇంకోసారి నన్ను చూసి ఎవరూ నవ్వకూడదని.

మేఘన ఇంట్లో పడిన సిగ్గు ఆ సాయంత్రంతోనే పోయేదేమో. ఇది మాత్రం పోలేదు.

ఆ రోజు గుహలో నేను ఒక్క బేరమూ ఆడలేకపోయాను. ఆ తర్వాత మేం ఆ ఆట ఆడలేదు.

ఇప్పుడు ఆదివారాలు ఫోన్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళతో అదే ఆట ఆడుతుంటాను. పుస్తకం మళ్ళీ మారింది. మారినప్పుడల్లా గొడవలే. మొన్న ఒకతను, "అసలు మజా పాతదాంట్లోనే ఉంది, డాలు అంకె తక్కువైతే మంచిది అనేవారు చూడండి, అది" అన్నాడు. అందరూ ఆహా అన్నారు. నేను మైకు ఆపేసుకున్నాను.

రాజాంకి ఫోన్ చేశాను. వదిన ఇప్పుడు ఇంట్లోనే పిల్లలకి ట్యూషన్ చెబుతోంది.

"వదినా, ఆ చింతపిక్కలు ఉన్నాయా?"

"ఉన్నాయే. అటక మీద పెట్టీసినాను. నీకు నామోషీ గదా అని..."

"ర్యాంకు లెక్కలోనే ఆడదాం వదినా. నువ్వే దాసుగారు" అన్నాను.

వదిన నెమ్మదిగా, నన్ను అనుమానంగా పరీక్షిస్తున్నట్టు అడిగింది.

"...ఏటి సేత్తావే, సిందూ?"

పుస్తకం ఎన్నిసార్లు మారినా అందులో ఈ వాక్యం ఉండదు. మీ ఇంట్లో కూడా ఏదో ఒక ఆటకి, ఆ ఇంటికి మాత్రమే తెలిసిన మాట ఒకటి ఉండే ఉంటుంది... ఇక్కడ రాయండి. దిద్దకండి. ఇంట్లో ఎలా పలికేవారో అలాగే.