మస్తాన్ అప్పీలు

ఈ రోజు నరసరావుపేట కోర్టులో లాయరునైన నన్ను వెతుక్కుంటూ జీపు డ్రైవర్ మస్తాన్ వచ్చాడు. హైదరాబాదులో ఒక అంతర్జాతీయ సంస్థకు పదకొండేళ్లు బండి నడిపాడు. కారణం చెప్పకుండా తీసేశారట. లేబర్ కోర్టులో కేసు వేయమన్నాడు.

“అలాంటి అంతర్జాతీయ సంస్థలకు చట్టం రక్షణ ఇచ్చింది, వాళ్ల మీద మన కోర్టులకు అధికారం లేదు. ముందు వాళ్లకే అప్పీలు పెట్టాలి. వాళ్లు కాదంటే విదేశంలో వేరే ట్రిబ్యునల్ ఉంది,” అన్నాను.

“తీసేసినోళ్లకే చెప్పుకోవాలా? ఇదేంది సార్?”

అప్పీలు ఇంగ్లీషులో టైపు చేయించి, తెలుగులో అర్థం చెప్పాను.

“అడిగినట్టుందా సార్, అడుక్కున్నట్టుందా?” అన్నాడు.

మూడుచోట్ల ‘దయతో’ అన్న మాట కొట్టేసి మళ్లీ టైపు చేయించాను. రిజిస్టర్డ్ పోస్టు చేసి వచ్చినప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ‘తీసేసినోళ్లకే చెప్పుకోవాలా?’ అన్న మస్తాన్‌కు మీరైతే ఏం చెప్పేవారు?