బూటు అడుగు చూసే ఉస్తాద్

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమం సద్దుమణిగి కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది, జనగామలో మాకు కేడెట్ డ్రిల్లు నేర్పిన మిలిటరీ ఉస్తాద్ ముఖం కన్నా ముందు బూటు అడుగు చూసేవాడు. నాడాలు కొట్టేవాడు గుర్రం కాలెత్తినట్టు అందరి ముందూ మా కాలెత్తి, బొటనవేలితో అడుగును రుద్దేవాడు.

కొండలెక్కే క్యాంపు కోసమే నేను కేడెట్లలో చేరాను. ఎంపిక రోజున కొత్త బూట్లు పాడవుతాయని మెడకు వేలాడేసుకుని, దేవరుప్పుల నుంచి జనగామ దాకా వట్టి కాళ్లతో నడిచాను. మైదానం దగ్గరికొచ్చాకే తొడిగాను.

ఉస్తాద్ నా కాలెత్తి చూశాడు. "నువ్వు పక్కకు నిలబడు."

"నా తప్పేంది సార్? అందరికన్న నా బూట్లే మెరుస్తున్నయి గదా!"

"గదే తప్పు బిడ్డా. తొడిగి నడవని బూటు కొండ మీద కాలును కొరుకుతది. అప్పుడు నిన్నెవడు మోస్తడు?"

"పెండ్లికని దాసుకున్నడు సార్!" అని వెనక నుంచి ఒకడు అన్నాడు. అందరూ నవ్వారు.

"నవ్వకుండ్రి. నేను గూడ మొగుళ్లపల్లి నుంచి చెప్పులు చేతవట్టుకొనే పోయి పల్టన్ల చేరిన" అన్నాడు ఉస్తాద్.

అయినా నన్ను క్యాంపుకు పోయే లారీ ఎక్కనివ్వలేదు. ఆ నడక ఎరగనివాడు ఆపి ఉంటే ఎప్పుడో క్షమించేవాణ్ణి. ఎరిగినవాడికి మనసెట్లా ఒప్పిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.