గోడవార నలభై మీటర్లు

పగలంతా ఆమె ఇతరుల పళ్ళ మధ్య బతుకుతుంది. పళ్ళ ల్యాబులో మైనం కరిగించి, చిన్న చాకుతో దంతాలు చెక్కి, ముక్కూమొహం తెలియని ఎవరో రేపు నవ్వబోయే నవ్వును అరచేతిలో పెట్టుకుని వెలుతురుకేసి చూస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా నోట్లో కుదరదు. ఆదివారాలు మాత్రం నల్లచొక్కా తొడిగి ఆడపిల్లల ఫుట్‌బాల్ ఆటలకు రిఫరీగా ఈల ఊదుతుంది. జట్లన్నీ ఆమెను ఈలక్క అంటాయి. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో దక్కిన ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

ఆ పేరు చేజారేలా ఉంది. రిఫరీలు ఏటా పరుగు పరీక్ష నెగ్గాలి. నలభై మీటర్లు ఆరుసార్లు, మధ్యమధ్య ఒక నిమిషం విరామం, ప్రతిసారీ ఆరు పాయింట్ నాలుగు సెకన్లు దాటకూడదు. కిందటేడు ఆరో పరుగులో ఊపిరి చాలక ఓడిపోయింది. ఈసారీ తప్పితే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు.

అందుకే మూడు నెలలుగా పొద్దున్నే గిడ్డంగి వెనక, ఎత్తయిన గోడవార, సిమెంటు బాట మీద పరుగు. చేతికి భర్త కొనిచ్చిన జీపీఎస్ గడియారం. మొదటిరోజు దాన్ని చూసుకుంటూ నడిచి, అది నలభై అనగానే ఆగి సున్నంతో గీత గీసింది. ఆనాటి నుంచి ప్రతి పరుగునూ, విరామంలో గుండె నెమ్మదించిన తీరునూ గడియారం రాసిపెడుతూ వచ్చింది. ఫోనులో చూస్తే పరుగుల వేగం ఆరు శిఖరాలు, వాటి నడుమ గుండె నెమ్మదించిన ఐదు లోయలు. మొదట్లో చివరి శిఖరం కుంగిపోయి ఉండేది. రానురాను ఆరూ ఒక్క ఎత్తుకొచ్చాయి. ఊపిరి నిలబడింది. వేగమే మొండికేసింది. ఎన్నిసార్లు గీత దాటి బొత్తాం నొక్కినా ఆరు పాయింట్ ఎనిమిదే.

పరీక్ష ఇంకో వారం ఉందనగా ఫోను వంటింటి గట్టు మీద బోర్లా పెట్టేసింది.

"ఇంక పోను మామయ్యా. వయసైపోయింది."

మామగారు సర్వే శాఖలో ముప్పై ఏళ్ళు కొలతగొలుసు లాగి రిటైరైన మనిషి. టీ ఊదుకుంటూ తలెత్తాడు.

"నా ఎదుటా వయసు మాట? సరే, ఎంతలో పరిగెత్తుతున్నావు?"

"నలభైకి ఆరు ఎనిమిది."

"నలభై అని ఎవరన్నారు?"

"గడియారం."

"దానికెవరు చెప్పారు?"

"పైన ఉపగ్రహాలు."

"తెల్లారినట్టే ఉంది నీ తెలివి! కాళ్ళకింద నేల ఎంతుందో ఆకాశాన్నడిగావా? ఇంట్లో నేనొకణ్ణి దిష్టిబొమ్మలా కూర్చునే ఉన్నాను కదమ్మా!"

మర్నాడు పొద్దున్నే స్టీలు టేపు పట్టుకుని ఆమెకంటే ముందు తయారయ్యాడు. బాట మొదట్లో ఆమెను గొంతుక్కూర్చోబెట్టి కొస చేతికిచ్చాడు.

"బిగించి పట్టు. బట్టలారేసే తీగ కాదది."

గీత దాకా వెళ్ళి, వంగి చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నలభైమూడు మీటర్ల ఇరవై!"

ఆమెకు వెంటనే తలకెక్కలేదు. ఎక్కాక కాళ్ళు చాపుకుని బాట మీదే కూలబడింది. నాలుగైదు మీటర్లు అటూ ఇటూ కావచ్చనీ, ఎత్తయిన గోడల పక్కన మరీ తడబడుతుందనీ గడియారంతో వచ్చిన పుస్తకంలోనే రాసి ఉంది. ఐదు కిలోమీటర్ల పరుగులో ఆ తేడా సముద్రంలో కాకిరెట్ట. నలభై మీటర్లలో అదే దాదాపు అర సెకను. పంటికి వెంట్రుకవాసి వదలని మనిషి, తన పరుగుకు మాత్రం మూడు మీటర్లు వదిలేసింది. నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"మూడు నెలలు దండగ కదా మామయ్యా!"

"దండగేం లేదు. ఒకసారి మేం పక్కవాడి పొలం కొలిచి, నాలుక్కరుచుకుని, అసలు పొలం మళ్ళీ కొలిచాం. ఆ రాత్రి పట్టినంత నిద్ర ఎప్పుడూ పట్టలేదు. లే, లే."

కొత్త గీత పడింది. ఆరు పాయింట్ మూడు తొమ్మిది. గట్టు అంచున నిలబడ్డట్టే, అయినా గట్టు మీదే.

పరీక్షనాడు మైదానంలో కాలాన్ని పట్టే గేట్లు నిలబెట్టారు. ఐదు పరుగులూ గడిచాయి. ఆరోదానికి ముందు ఆమె కళ్ళు మూసుకుని ఊపిరి దిగనిచ్చింది. గుండె లోయలోకి జారి, అడుగున ఆగి, మళ్ళీ ఎగువకు చూస్తోంది. ఆ దారి దానికి కంఠతా వచ్చు. ఈల మోగింది. పక్కనున్నవాళ్ళు గేటు దగ్గరికొస్తూనే ఒళ్ళు వదిలేశారు. ఆమె కాళ్ళకు నలభై దగ్గర ఆగడమన్నది అలవాటే లేదు. గేటు దాటాక కూడా మూడు మీటర్లు అదే ఊపులో వెళ్ళిపోయింది.

ఆరు పాయింట్ మూడు ఎనిమిది.

గడ్డి మీద వెల్లకిలా పడి ఆకాశాన్ని చూసింది. ఎక్కడో కనబడని ఎత్తున తిరుగుతూ తన ప్రతి పొద్దునూ రాసిపెట్టినవాటి మీద కోపం రాలేదు. ఊపిరి ఎంత నిలిచిందో చూపించింది అవే. నేల ఎంతుందో చూపించింది మాత్రం ఇంట్లో మనిషి. ఫోను చేసింది.

"కాళ్ళెలా ఉన్నాయమ్మా?" అన్నాడు మామగారు, ముందుగా.

"ఉన్నాయి మామయ్యా. రెండూ ఉన్నాయి. నెగ్గాను."

అవతల టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

"మీరు లేకపోతే అసలు వచ్చేదాన్నే కాదు."

ఆయన ఫోను పక్కకు పెట్టి లోపలున్న కొడుకును కేకేయడం వినిపించింది.

"ఒరేయ్! మనమ్మాయి నెగ్గిందిరా! ఆరుకి ఆరూ!"