సో ఫార్ అంటే ఇంతవరకు

నా చిన్నప్పుడు, అరవైల చివర్లో, కళింగపట్నంలో మా వీధికి ఇంగ్లీషు ఉత్తరం వస్తే మా తాతయ్యే చదివిపెట్టాలి. ఆ మధ్యాహ్నం ఆయన పొలంలో ఉన్నాడు. ఉత్తరం పక్కింటి అక్కకి వచ్చింది. ఆమె పెనిమిటి కలకత్తా ఓడలో ఖలాసీ. తుఫానులో ఆ ఓడ మునిగిందని కబురొచ్చి అప్పటికి నాలుగు నెలలు. ఎనిమిదో తరగతి చదువుతున్నానన్న మిడిసిపాటుతో కవరు నేనే చింపాను.

మనిషి ఆచూకీ దొరకలేదని ఓడ కంపెనీవాళ్లు రాశారు, అదే చెప్పేశాను. అత్తగారు గొల్లుమంది. ఇద్దరు ముసలమ్మలు గాజులు తీయించడానికి అక్కని అరుగు మీద కూర్చోబెట్టారు. ఆమె ఏడవలేదు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని నావైపే చూసింది. నాకు భయమేసింది.

ఎవరు కబురు పెట్టారో, తాతయ్య బురద కాళ్లతోనే వచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని ఉత్తరమంతా చదివి, అందరి ముందూ నన్ను కసిరాడు.

"సివర రెండు మాటలు మింగేసినావేటే? సో ఫార్ అని ఉన్నాది. ఇంతవరకు దొరకనేదని అర్థం. ఇంకా ఎతుకుతన్నారు. ఆ గాజులు ముట్టుకోకండి."

ఉత్తరం మడిచి అక్క చేతిలో పెట్టాడు. ముసలమ్మలు లేచి వెళ్లిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రెండు మాటలూ పుస్తకం నిండా రాసుకున్నాను. చిన్న మాట కదా అని దేన్నీ వదలకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ పట్టుదలతోనే ఇంగ్లీషు టీచర్నయ్యాను.

అక్క మాత్రం ఆ రోజు నుంచి ఏ పని చేస్తున్నా వీధి గుమ్మం వైపే తిరిగి కూర్చునేది. రోజూ అతని కంచం కడిగి పెట్టేది. అతను రాలేదు. తాతయ్యా పోయాడు. జుట్టంతా నెరిసిన తర్వాత ఒకనాడు అక్క పెట్టెలోంచి ఆ ఉత్తరం తీసింది.

"తాతయ్య సెప్పిన మాట ఎక్కడున్నాదో ఓపాలి సూపించమ్మా."

రెండుసార్లు చదివాను. అందులో ఆ మాటలు లేవు. ఆ రోజు నేను తప్పు చదవలేదు.

ఆమె గాజుల చెయ్యి కాగితం మీద ఎదురుచూస్తోంది. చివరి వరుస మీద ఆమె వేలు పెట్టించి, "ఇదిగో అక్కా, ఇక్కడే" అన్నాను.

తర్వాత బడిలో ఆ మాటకి అర్థం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా బోర్డు మీద రాసి, కాసేపు పిల్లల వైపు తిరగలేకపోయేదాన్ని. తాతయ్యా నేనూ కలిసి ఆమెకి మేలు చేశామో, ఆ గుమ్మానికి కట్టేశామో నాకు ఇంతవరకు తెలియదు.