వెర్నా గుర్తుపట్టిన ముడి

మా రేవులో లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే బోనుల లోపలికి గరాటులాంటి వలలు అల్లిపెట్టే ఆడవాళ్ళం ఒకప్పుడు పదిహేనుమందిమి. ఇప్పుడు ముగ్గురం మిగిలాం. ముగ్గురిలోనూ చెయ్యి తిరిగిన మనిషి వెర్నా. నేను ఎదురింట్లో ముప్ఫయ్యేళ్ళుగా ఉంటున్నాను, ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని అల్లినన్ని వలలు మా ఇంట్లో అల్లలేదు. ఆవిడ గురించి పేపర్లు చాలా రాశాయి. రాసినవాళ్ళలో ఒక్కడూ ఆ బల్ల దగ్గర కూర్చోలేదు కాబట్టి నేను చెబుతున్నాను.

వెర్నాకి పంతొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయింది. కవల తమ్ముళ్ళు మెరిట్, ఆల్డెన్‌లకి అప్పటికి ఆరేళ్ళు. తండ్రి పడవ మీద ఎంత పనిమంతుడో ఇంట్లో అంత చేటు మనిషి, చెయ్యి ముందు లేచేది, నోరు తర్వాత. పిల్లలిద్దరికీ వల అల్లడం వెర్నాయే నేర్పింది. ఒక చలికాలం మెరిట్ కుడి బొటనవేలు మంచుకి కొరుక్కుపోయింది. అప్పట్నించీ వాడికి చివరి ముడి జారిపోయేది. జారకుండా ఒక చుట్టు అదనంగా వేసేవాడు. మా పనిలో చివరి ముడి చేతిరాతలాంటిది. వల చూపిస్తే ఇది ఎవరి చేతిదో చెప్పేస్తాం. అలా చెప్పడం మాకు గొప్ప కూడా. ఆ గొప్పే వెర్నా కొంప ముంచింది.

పన్నెండేళ్ళ కిందట ఒకే చలికాలంలో తీరం రోడ్డు పొడవునా ముగ్గురు ఆడవాళ్ళు హత్యకు గురయ్యారు. ముగ్గురి మణికట్లకీ వలదారం. ఒక దారం మీద చంపినవాడి రక్తపు చుక్క దొరికింది. పరీక్ష చేస్తే మెరిట్‌దీ అదే, ఆల్డెన్‌దీ అదే. కవలలు కదా, రక్తానికి ఎవడు ఎవడో తెలీదు. పెల్టియర్ అనే డిటెక్టివ్ ఒకరోజు మధ్యాహ్నం వెర్నా ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ, ఏ సంగతీ చెప్పకుండా జేబులోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. ఉత్త ముడి ఫొటో. ఇది ఎవరి పనో చెప్పగలరా అన్నాడు. వెర్నా కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. నవ్వుతూ, మా మెరిట్‌గాడిది, ఆ అదనపు చుట్టు వాడు తప్ప ఇంకెవరూ వెయ్యరు, అంది. ఆ మాట పూర్తయ్యాక గాని ఫొటో దేనిదో అతను చెప్పలేదు.

అదే మాట తలుపులు మూసిన కోర్టులో ప్రమాణం చేసి చెప్పాల్సి వచ్చింది. అంతవరకూ నేను కాదు, నేను కాదు అని మొత్తుకున్న మెరిట్, అక్క బోనెక్కి ఆ మాట చెప్పాక నోరు విప్పలేదు. లాయరు బతిమాలినా విప్పలేదు. చచ్చేదాకా జైలు వేశారు. ముడిలో అదనపు చుట్టు సంగతి పేపర్లకి పొక్కకుండా పోలీసులు దాచారు, వెర్నాని కూడా దాచమన్నారు. ఆవిడ నాతో కూడా చెప్పలేదు. ఒక్కసారి కూడా జైలుకి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను ఎడ్నా, అని నాతో అనేది.

మిగిలింది ఆల్డెన్. అక్కని కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కట్టెలు కొట్టి పేర్చేవాడు, శనివారం శనివారం ఆవిడ బీన్స్ కుండ పొయ్యిలో పెడితే వాసనకే వచ్చి కూర్చునేవాడు. తన సగం మొహం జైల్లో ఉందని, మిగతా సగానికే గడ్డం గీసుకుంటున్నానని జోకులేసేవాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఈ ఏడాది మార్చిలో హైవే మీది హోటల్లో పనిచేసే పిల్లని ఎవరో చంపేశారు. మణికట్లకి వలదారం. పాత హంతకుణ్ణి చూసి ఎవడో అలాగే చేస్తున్నాడని పేపర్లన్నీ రాశాయి. పెల్టియర్ మళ్ళీ వచ్చాడు, ఈసారి జుట్టు నెరిసిపోయింది. ఆ రోజు నేనూ బల్ల దగ్గరే ఉన్నాను. ఫొటో పెట్టి, అదనపు చుట్టు చూపించాడు. అది బయటెవరికీ తెలీని గుర్తు కాబట్టి జైల్లో మెరిట్ ఎవడికో నేర్పి ఉంటాడని, వాడు బయటికొచ్చి ఈ పని చేశాడని అతని అనుమానం. అతను వెళ్ళాక వెర్నా వల అల్లే చెక్కసూది బల్ల మీద పెట్టేసింది.

"ఎడ్నా, ఈ చుట్టు ఇంకొకడికి కూడా వచ్చు," అంది.

అప్పుడు చెప్పింది. మరుసటి చలికాలం మెరిట్ వేలు మళ్ళీ పుండుపడితే రెండు నెలలు వాడి వంతు వలలు ఆల్డెనే అల్లాడట. తండ్రికి తెలిస్తే మెరిట్ వీపు పగిలేది. అందుకని వెర్నాయే ఆల్డెన్ పక్కన కూర్చుని, వాడిలాగే ఒక చుట్టు ఎక్కువ వెయ్యరా, నాన్న కనిపెట్టకూడదు, అని నేర్పింది. పిల్లాడు అచ్చం అలాగే వేశాడు. తండ్రి కనిపెట్టలేదు. తర్వాత ఆ సంగతి ఆవిడే మర్చిపోయింది. మర్చిపోయి, కోర్టులో ఇంకెవరూ వెయ్యరని ప్రమాణం చేసింది.

పెల్టియర్ కారు ఇంకా మలుపు తిరిగి ఉండదు, పిలవమన్నాను. ముందు మెరిట్‌ని అడగాలి అంది. మర్నాడు నా కార్లో రెండు గంటలు ప్రయాణం చేసి జైలుకి వెళ్ళాం. దారి పొడవునా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

అద్దానికి అవతల మెరిట్ కూర్చున్నాడు. ఆల్డెన్ మొహమే, ఇరవయ్యేళ్ళు పెద్దది. వెర్నా ఫోను అందుకుని చుట్టు సంగతి, పుండు సంగతి, అంతా చెప్పింది. పక్కన నిలబడ్డ నాకు అవతలి మాట కూడా వినబడుతోంది.

"నీకు గుర్తులేదా అక్కా? నీకు తెలిసే చెప్పావనుకున్నానే."

"తెలిసి నీ మీద ఎందుకు చెప్తాన్రా?"

"ఇద్దర్లో ఒకణ్ణే ఉంచుకోవాల్సొచ్చింది, వాణ్ణి ఉంచుకున్నావనుకున్నా. నువ్వే వద్దనుకున్నాక ఇంక నేనెవరితో వాదించను? అందుకే నోరు మూసుకున్నా."

నువ్వు చేశావా అని ఆవిడ అడగబోయింది. పన్నెండేళ్ళకి అడుగుతున్నావా అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

అక్కణ్ణించి తిన్నగా పెల్టియర్ దగ్గరికి వెళ్ళాం. అతను మర్యాదగానే విన్నాడు, అంతా రాసుకున్నాడు. ఆల్డెన్‌ని రెండు రోజులు కూర్చోబెట్టి అడిగారు. ఇల్లు, పడవ వెతికారు. ఏమీ దొరకలేదు. ఈసారి రక్తపు చుక్క లేదు, చూసినవాడు లేడు. మిగిలింది వెర్నా మాట. ఆ మాట విలువేమిటో పెల్టియర్ ఆవిడకి చెప్పాడు, కఠినంగా కాదు, అయినా కత్తిలా దిగింది.

"అప్పుడు దేవుడి మీద ప్రమాణం చేసి మెరిట్ తప్ప ఎవరూ వెయ్యరన్నారమ్మా. ఇప్పుడు ఆల్డెన్ కూడా వేస్తాడంటున్నారు. మీ రెండు మాటల్లో దేన్ని నమ్మమని జడ్జిని అడగను?"

ఆల్డెన్‌ని వదిలేశారు. ఊరు కూడా వాడి పక్షమే చేరింది. లోపలున్న తమ్ముడి మీద బెంగతో ఆవిడకి మతి చెడిందన్నారు. పిచ్చిది, పెంచిన చేత్తోనే ఇంకొకణ్ణి కూడా పోగొట్టుకోబోయింది అని చర్చి మెట్ల మీద నా మొహానే అన్నారు. వాళ్ళకి నేనిచ్చిన జవాబు ఇక్కడ రాయను.

ఆ శనివారం ఆల్డెన్ ఇంటికొచ్చి, బూట్లు గుమ్మం దగ్గర విప్పి, ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నాడట. తింటూ తింటూ, ముగ్గురే కాదు అక్కా, నలుగురూ నా పనే, అన్నాడట. అని ఇంకో రొట్టెముక్క అడిగాడట. ఇది వెర్నా నాకు మర్నాడు చెప్పింది. పెల్టియర్‌కీ చెప్పింది. అతను అదీ రాసుకున్నాడు.

మా ఇంటికి వచ్చెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆవిడ రాలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, ఆ మర్నాటి నించి రబ్బరు బూట్లు తొడుక్కుని తెల్లారకముందే వాడి పడవెక్కడం మొదలెట్టింది. వాడు వద్దనలేదు. అక్కకి సముద్రం మీద మోజు పుట్టిందని రేవులో నవ్వించాడు. వాడు సరుకు కొట్టుకి వెళితే ఆవిడా వెళ్తుంది. వాడు లారీ తాళాలు తీస్తే ఆవిడ ముందే ఎక్కి కూర్చుంటుంది.

"వాణ్ణి ఒంటరిగా వదిల్తే ఇంకో ఇంటి పిల్ల పోద్ది. నేను పోయేదాకా వాడితోనే ఉంటా," అంది.

వాడే నిన్ను చంపితేనో అన్నాను. అప్పుడైనా నమ్ముతారు కదా అంది. ఆవిడ బేలగా అనలేదు, బెదిరించడానికీ అనలేదు. పనిలో ఇంకేదీ కుదరకపోతే మిగిలిన దారి చెప్పినట్టు చెప్పింది.

జైల్లో మెరిట్‌ని చూడనిచ్చేది గురువారాలే. వెళ్ళాలంటే ఆల్డెన్‌ని ఆరేడు గంటలు వదలాలి. పన్నెండేళ్ళు మొహం చెల్లక వెళ్ళలేదు, ఇప్పుడు వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటున్నా వెళ్ళలేదు. నన్ను వెళ్ళమంది. తను ఎందుకు రాలేకపోతోందో మెరిట్‌కి విడమర్చి చెప్పమంది. ఒక్కటీ వదలకుండా చెప్పు ఎడ్నా, వాడికి అర్థమయ్యేలా చెప్పు, అని కారు తలుపు పట్టుకుని రెండుసార్లు అంది.

చెప్పాను. పడవ సంగతి, లారీ సంగతి, నలుగురూ అన్న మాట సంగతి, అన్నీ. మెరిట్ ఫోను చెవికి ఆనించుకుని తల వంచుకుని విన్నాడు. నేను ఆగాక అడిగాడు.

"అయితే ఇవాళ అక్క వాడి దగ్గరే ఉందా?"

"ఉంది."

"అర్థమైంది. నువ్వు కూడా ఇంక రాకు ఎడ్నా," అని ఫోను పెట్టేశాడు.

నేను తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది, వాళ్ళ పడవ అప్పుడే రేవు చేరింది. ఆల్డెన్ ముందు దిగి, అక్క చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా దింపాడు. వెర్నా వాడి చెయ్యి వదలకుండానే, వాడి భుజం మీదుగా నన్ను చూసి, ఏమన్నాడు అని అడిగింది. బాగున్నాడు, నీకు చెప్పమన్నాడు అన్నాను. ఆవిడ తలూపింది. నమ్మిందో లేదో తెలీదు, అప్పటికే ఆల్డెన్ లారీ వైపు నడవడం మొదలెట్టాడు, ఆవిడ కుంటుకుంటూ వాడి వెనకే వెళ్ళింది.