జాకెట్ అని పెట్టిన పేజీ

సూర్యాపేటలో ఒక కిరాయి గదిలో ఒక్కణ్ణే కూర్చుని చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు తయారుచేస్తాను. వారం మొత్తంలో నా ఫోన్ మోగిందంటే, రీఛార్జి అయిపోయిందని చెప్పే రికార్డు గొంతే.

మిర్యాలగూడలో పెళ్లి జాకెట్లు కుట్టే ఒక అక్క తన దుకాణానికి వెబ్‌సైట్ చేయమంది. ప్రతి పేజీకీ ఒక ఫైల్ పేరుండాలి. జనం వెతికే మాట ఆ పేరులో ఉంటే గూగుల్‌లో పేజీ కాస్త ముందుకొస్తుందని మా పనిలో నమ్మకం. బ్లౌజ్ అని పెడదామన్నాను.

"బ్లౌజ్ అని ఎవలంటరు తమ్మీ? గీడ అందరు జాకెట్ అనే అంటరు. గదే పెట్టు."

నిజమే అనిపించింది. ఇంగ్లిష్ అక్షరాల్లో జాకెట్, ఒక అడ్డగీత, మిర్యాలగూడ అని పెట్టేశాను. ఆ మాట కొట్టేవాళ్లు చలికోట్ల కోసం వెతుకుతారని మా ఇద్దరికీ తట్టలేదు. నాకైనా తట్టాలి, నా పనే అది.

నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది. "ఎవడో తోలు జాకెట్ ఉన్నదా అంటున్నడు తమ్మీ!"

చలికాలం కదా, రోజుకొకరు అడిగేవారు. ఆమె వాళ్లను తిట్టి, ఆ వెంటనే నన్నూ తిట్టేది. తిట్లయ్యాక "తిన్నవా? ఏం కూర?" అనేది. ఆ మాట కోసం అన్నం ముందు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. పేరు మార్చడం ఐదు నిమిషాల పని. రెండు వారాలు సాగదీశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

"పెళ్లిళ్లు దగ్గరకొస్తున్నయ్. గిట్లనే ఉంటే నా దుకాణం ఖతం తమ్మీ" అంది ఒకరోజు. ఆ గొంతులో కోపం లేదు. ఆ పూటే బ్లౌజ్ అని మార్చేశాను.

కోదాడ నుంచి కూడా గిరాకీ వస్తోందని ఒకసారి ఫోన్ చేసి సంబరపడింది. ఆ తర్వాత చేయలేదు. నెల దాటింది. పని సరిగ్గా చేస్తే ఇంతే, ఇక మనతో ఎవరికీ అవసరం ఉండదు.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక నేనే చేశాను. అవతల మిషన్ల చప్పుడు. నవ్విద్దామని, "అక్కా, తోలు జాకెట్లు ఉన్నయా?" అన్నాను.

"లేవు. గీడ ఆడోళ్ల జాకెట్లే కుడతం. పెట్టెయ్."

నా నంబరు ఆమె దాచుకోలేదు. గొంతూ గుర్తుపట్టలేదు. మళ్లీ చేసి నేనేనని చెప్పొచ్చు. చెప్పలేదు. చెప్పాక కూడా ఆమె "తిన్నవా" అని అడగకపోతే?